రక్తవర్గములు: తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించు విధము



సాయంకాలమున మన నగరమందలి మాదాపురము వైపు పోయి చూచినచో, మెడలో పట్టీకి వ్రేలాడు చిన్న గుర్తింపుకార్డు ధరింపని మనుష్యుడు కానరాడు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను కట్టడము ప్రారంభమైననాటినుండి ఆ రాళ్లగుట్టల ప్రదేశము హైటెక్ సిటీగా మాఱినది. శ్రీకాకుళము మొదలు చిత్తూరు వఱకును, ఆదిలాబాదు మొదలు ఖమ్మము వఱకును గల తెలుగు కుటుంబములవారు అచ్చట పనులలో కుదురుకొనిరి. మీలో పెక్కుమంది తల్లిదండ్రులు వారిలోనివారే. ఆ కార్డులమీద పేరుతోపాటు తఱచుగా ఒక చిన్న యక్షరము కూడ అచ్చువేయబడియుండును. అది ఆ మనుష్యుని రక్తవర్గము. ఏ, బి, ఏబి, ఓ అను నాలుగింటిలో నేదో యొకటి, దాని ప్రక్కన కూడిక గుర్తో తీసివేత గుర్తో. అంతకంటె చిన్న వ్రాత మఱియొకటి యుండబోదు. అయినను అట్టి వ్రాత యొకటి మన పాఠశాల బాలిక యొకతెకు మూడుదినములు అన్నము సహింపకుండ జేసినది. ఈ పాఠము వ్రాయుటకు కారణ మదియే. ఆ బాలిక యనుమతితోనే, పేరు చెప్పక, ఆ సంగతి మీకు తెలుపుచున్నాను.

పదవ తరగతి జీవశాస్త్ర పాఠమున రక్తవర్గములను గూర్చి చెప్పిన మఱునాడు ఆమె విరామసమయమున ప్రయోగశాలకు వచ్చి, తలుపు దగ్గఱనే నిలిచి, “మాస్టరుగారూ, తండ్రి ఏబి, తల్లి ఓ అయినచో బిడ్డ ఓ కావచ్చునా?” అని యడిగెను. నేను పుస్తకములోనుండి తల యెత్తకయే, “కానేరదమ్మా” అంటిని. ఆమె మఱేమియు ననక వెడలిపోయెను. అది ఎవరి సంగతియో నాకు తెలిసినది మూడుదినముల తరువాత. తండ్రిగారి కార్యాలయపు కార్డుమీద ఏబి యని యున్నదట. తల్లి ఓ, బిడ్డ ఓ. తాను ఆ యింటి బిడ్డ కానేమో యని ఆ పిల్ల రాత్రులు నిద్ర మాని యేడ్చుచున్నదట. నా జవాబు శాస్త్రప్రకారము తప్పు కాదు. కాని అది సగము జవాబు. మిగిలిన సగము ఇక్కడ వ్రాయుచున్నాను.

1. రక్తవర్గ మనగా నేమి?

మన రక్తములో ఎఱ్ఱకణములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. అవి తేలియాడు పసుపువన్నె ద్రవమునకు ప్లాస్మా యని పేరు. పూర్వకాలపు వైద్యులు ఒకరి రక్తమును మఱియొకరికెక్కించుటకు పెక్కుమాఱులు ప్రయత్నించిరి. కొందఱు రోగులు బ్రదికిరి. కొందఱు తత్క్షణమే మరణించిరి. ఈ భేదమునకు హేతువు ఎవరికిని తెలియకుండెను.

వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ అను వైద్యశాస్త్రజ్ఞుడు 1900-1901 సంవత్సరములలో దానిని కనుగొనెను. ఆయన చేసిన పని చాల సాదాది. తన రక్తమును, తనతో పనిచేయువారి రక్తమును తీసి, కణములను ద్రవమునుండి వేఱుచేసి, ఒకరి కణములను మఱియొకరి ద్రవముతో కలిపి చూచెను. కొన్ని జతలలో నేమియు జరుగలేదు. కొన్నిటిలో కణములు పెరుగు విఱిగినట్లు గుంపులుగా ముద్దకట్టెను. ఏ జతలు ముద్దకట్టుచున్నవో పట్టికగా వ్రాసికొని, మనుష్యుల రక్తము మూడు తెగలుగా నున్నదని యాయన తేల్చెను. 1902లో డెకస్టెల్లో, స్టూర్లీ అను నిరువురు నాలుగవ తెగయైన ఏబిని కనుగొనిరి. లాండ్‌స్టైనరునకు 1930లో నోబెల్ బహుమానము లభించెను. ఆయన జన్మదినమైన జూన్ 14వ తేదీనే నేడు లోకమంతటను రక్తదాతల దినముగా జరుపుచున్నారు.

ఎఱ్ఱకణము పైపొరమీద కొన్ని చక్కెర గొలుసులు మొలకలవలె నిలిచియుండును. వాని కొనయందు ఏ గుర్తుగల చక్కెర యున్నచో అది ఏ వర్గము. బి గుర్తుగల చక్కెర యున్నచో బి వర్గము. రెండును ఉన్నచో ఏబి. రెండును లేనిచో ఓ. ఏ మనుష్యుని కణములమీద ఏ గుర్తు లేదో, ఆ గుర్తునకు విరోధియైన ప్రతిరక్షకము ఆతని ప్లాస్మాలో నుండును. ఏ వర్గమువానిలో బికి విరోధి కలదు. బి వర్గమువానిలో ఏకు విరోధి కలదు. ఓ వర్గమువానిలో రెండింటికిని విరోధులు కలవు. ఏబి వర్గమువానిలో నేదియు లేదు. కావున విరుద్ధ రక్త మెక్కించినయెడల కణములు ముద్దకట్టి నశించి ప్రాణాపాయము గలుగును.

2. మెండెలు మహాశయుని సూత్రము

ఈ గుర్తులు గాలివలనను, నీటివలనను, ఆహారమువలనను వచ్చునవి కావు, పుట్టుకతో వచ్చునవి. అవి సంక్రమించు విధమును తెలిసికొనుటకు మనము బ్రున్ అను పట్టణమందలి యొక క్రైస్తవ మఠమునకు పోవలెను. అచ్చట గ్రెగర్ మెండెల్ అను సన్యాసి మఠపు తోటలో బఠాణీ మొక్కలను పెంచి, అంటుకట్టు తోటమాలివలె ఓపికతో సంకరపఱచి, పుట్టిన మొక్కలను లెక్కించి, 1865లో తన ఫలితములను పండితసభ యెదుట చదివెను. వానినెవరును పట్టించుకొనలేదు. ఆయన 1884లో గతించెను. 1900లో, అనగా లాండ్‌స్టైనరు తన పరీక్షలు మొదలిడిన సంవత్సరముననే, ముగ్గురు శాస్త్రజ్ఞులు వేఱువేఱుగా ఆ సూత్రములను మరల వెలికి తీసిరి.

ఆ సూత్రముల సారాంశ మిది. ప్రతి లక్షణమునకును ప్రాణియందు రెండు జన్యువులుండును. ఒకటి తండ్రినుండియు, ఒకటి తల్లినుండియు వచ్చినది. ఆ ప్రాణి తన సంతానమున కిచ్చునపుడు రెండింటిలో నొక్కదానినే యిచ్చును. ఏది యిచ్చుననుట చీట్లు వేసి తీసినట్టిదే. రెండు జన్యువులు భిన్నములైనప్పుడు ఒకటి పైకి కనబడి రెండవది దాగియుండవచ్చును. పైకి కనబడుదానిని బహిర్గత మనియు, దాగియుండుదానిని అంతర్గత మనియు పేర్కొందురు. దాగినది నశించినది కాదు. ఇంటిలో పెట్టెయడుగున దాచిన తాతగారి కడియమువలె అది మనుమనినాటికి మరల వెలుగు చూడవచ్చును.

3. మూడు జన్యువులు, రెండు పీటలు

రక్తవర్గములు వంశపారంపర్యముగా వచ్చునని వాన్ డుంగెర్న్, హిర్ష్‌ఫెల్డ్ అను జర్మను ప్రయోగశాలలోని పండితులు 1910లో నిరూపించిరి. కాని యెట్లు వచ్చుననుటలో వారు కొంత పొరబడిరి. ఏ గుర్తునకొక జత, బి గుర్తునకు వేఱొక జత, అనగా నాలుగు పీటలు కలవని వారి యూహ. ఆ యూహ నిజమైనచో ఏబి తండ్రికిని ఓ తల్లికిని నాలుగు వర్గముల బిడ్డలును పుట్టవలెను. మన బాలిక యడిగిన ప్రశ్నయే యిది యని గమనింపుడు!

1924లో ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ అను గణితశాస్త్రజ్ఞుడు, ప్రయోగశాలలో నడుగుపెట్టకయే, కాగితము మీద లెక్కలు వేసి ఈ చిక్కును విడదీసెను. వివిధ దేశములలో ఏ వర్గమువారెందఱో యని పోగుచేసిన సంఖ్యలను ఆయన పరిశీలించెను. నాలుగు పీటల యూహనుబట్టి ఏబి వర్గమువారు ఎందఱుండవలెనో యంతమంది ఏ దేశమునను లేరు. చాల తక్కువగా నున్నారు. కావున పీటలు రెండే యనియు, వానిమీద కూర్చుండుటకు ఏ, బి, ఓ అను మూడు జన్యువులు పోటీపడుచున్నవనియు ఆయన నిర్ణయించెను. తరువాత కుటుంబములను పరీక్షించి చూడగా, ఏబి వర్గపు తల్లికిగాని తండ్రికిగాని ఓ బిడ్డ పుట్టుట సాధారణముగా లేదని తేలెను. గణితము గెలిచెను.

ఆ సంఖ్యలలో మన దేశస్థుల రక్తమునకును భాగము గలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున సలోనికా రేవులో హిర్ష్‌ఫెల్డును ఆయన భార్య హన్నాయు అనేక జాతుల సైనికుల రక్తమును పరీక్షించి 1919లో ప్రకటించిరి. ఇంగ్లీషువారిలో ఏ వర్గము హెచ్చనియు, భారతీయ సైనికులలో బి వర్గము హెచ్చనియు అందు తేలినది. నేటికిని మన దేశమున ఓ, బి వర్గములవారే యెక్కువ. ఏ వర్గమువారు వారికంటె తక్కువ. ఏబి వర్గమువారు నూటికి పదిమందికి లోపు.

మూడు జన్యువులలో ఏయును బియును సమానబలము గలవి. రెండును చేరినప్పుడు ఒకటి మఱియొకదానిని కప్పివేయదు, రెండును కనబడును. ఓ యనునది ఆ రెండింటిచాటునను దాగును. అందుచే ఆఱు విధములైన జతలేర్పడినను వర్గములు నాలుగే. ఏ వర్గమువాడు ఏ-ఏ కావచ్చును, ఏ-ఓ కావచ్చును. బి వర్గమువాడు బి-బి కావచ్చును, బి-ఓ కావచ్చును. ఏబి వర్గమువాడు ఏ-బి మాత్రమే. ఓ వర్గమువాడు ఓ-ఓ మాత్రమే.

ఓ జన్యువు ఏల చాటున దాగును? ఈ జన్యువులు మన 23 జతల క్రోమోజోములలో తొమ్మిదవ జతమీద నున్నవి. 1990లో యమమోటో అను జపాను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును వాని యక్షరక్రమమును చదివిరి. ఏ జన్యువునకును బి జన్యువునకును కొద్ది యక్షరములే తేడా. ఓ జన్యువులో సాధారణముగా ఒక్క యక్షరము జారిపోయినది. జన్యులిపిని కణము మూడేసి యక్షరములుగా చదువును. “పలక కలము మనసు” అను మూటిలో మొదటి ‘ల’ తీసివేసి మరల మూడేసిగా చదువుడు: “పకక లముమ నసు”. అర్థమంతయు చెడినది. అట్లే ఓ జన్యువునుండి తయారైన పనిముట్టు పనికిరానిదై, కణముమీద నెట్టి గుర్తును పెట్టజాలదు. ప్రక్కపీటమీద నున్న ఏయో బియో తన పని తాను చేసికొనిపోవును. ఇదియే దాగుట యనుమాటకు భావము.

4. తల్లిదండ్రుల జతలు, బిడ్డల వర్గములు

ఈ పట్టికను మీ నోటుపుస్తకములలో వ్రాసికొనుడు. తల్లి యెవరు, తండ్రి యెవరు అనుదానితో పనిలేదు. జత యొక్కటే ముఖ్యము.

ఓ, ఓ: బిడ్డలందఱును ఓ.
ఓ, ఏ: ఓ లేక ఏ.
ఓ, బి: ఓ లేక బి.
ఓ, ఏబి: ఏ లేక బి.
ఏ, ఏ: ఏ లేక ఓ.
బి, బి: బి లేక ఓ.
ఏ, బి: ఏ, బి, ఏబి, ఓ అను నాలుగింటిలో నేదైనను.
ఏ, ఏబి: ఏ, బి లేక ఏబి.
బి, ఏబి: ఏ, బి లేక ఏబి.
ఏబి, ఏబి: ఏ, బి లేక ఏబి.

తండ్రి ఏ-ఓ, తల్లి బి-ఓ యనుకొనుడు. తండ్రినుండి ఏ రావచ్చును, ఓ రావచ్చును; తల్లినుండి బి రావచ్చును, ఓ రావచ్చును. ఏ-బి, ఏ-ఓ, ఓ-బి, ఓ-ఓ అని నాలుగు సమాన సంభవములు. కాబట్టి తల్లిదండ్రులలో నెవరికిని లేని ఓ వర్గము బిడ్డకు వచ్చుటలో వింత యేమియు లేదు. “మా యింట నెవరికిని లేని రక్తము నీకెట్లు వచ్చినది?” అని కొందఱు పెద్దలు అజ్ఞానముచే అనుచుందురు. వారికి ఈ నాలుగు గడులు గీసి చూపుడు.

ఇంకొక హెచ్చరిక. నాలుగింట నొక వంతు అనగా నలుగురు బిడ్డలు పుట్టినచో తప్పక ఒకడు ఓ యగునని కాదు. ప్రతి బిడ్డకును చీట్లు కొత్తగా వేయబడును. నలుగురును ఏబి కావచ్చును.

5. కూడిక గుర్తు, తీసివేత గుర్తు

1940లో లాండ్‌స్టైనరును ఆయన శిష్యుడు వీనరును రీసస్ కోతి రక్తముతో చేసిన పరీక్షలవలన మఱియొక గుర్తు బయలుపడెను. దానికి ఆర్‌హెచ్ అని పేరు. అది యున్నవారు పాజిటివ్, లేనివారు నెగటివ్. దీని జన్యువు మొదటి క్రోమోజోముమీద నున్నది. కావున ఏ, బి వర్గములతో సంబంధము లేకుండ విడిగా సంక్రమించును. ఉండుట బహిర్గతము; లేకుండుట అంతర్గతము. అందుచే పాజిటివ్ దంపతులిద్దఱును దాగిన నెగటివ్ జన్యువు కలవారైనచో వారికి నెగటివ్ బిడ్డ పుట్టవచ్చును. నెగటివ్ దంపతులకు పాజిటివ్ బిడ్డ పుట్టుట సామాన్యముగా లేదు. మన దేశమున నెగటివ్ వారు నూటికి సుమారు 5గురు. ఐరోపావారిలో సుమారు 15గురు.

ఈ గుర్తు విషయమున తల్లులకొక గండ ముండెడిది. తల్లి నెగటివ్, గర్భమందలి శిశువు తండ్రివలన పాజిటివ్ అయినచో, ప్రసవసమయమున శిశువు రక్తము కొంత తల్లి రక్తములో చేరవచ్చును. తల్లి శరీరము దానిని పరాయిదిగా నెంచి ప్రతిరక్షకములను సిద్ధపఱచును. మొదటి బిడ్డకు సాధారణముగా హాని లేదు. రెండవ బిడ్డయు పాజిటివ్ అయినచో ఆ ప్రతిరక్షకములు మాయను దాటి శిశువు కణములను నాశనము చేయును. ఒక బిడ్డ తరువాత వరుసగా బిడ్డలు పోయిన తల్లులను పూర్వము దృష్టి తగిలినదనియు, పాపజాతకురాలనియు నిందించువారు. అట్టివారిలో కొందఱి యిండ్లయందైనను కారణ మిదియై యుండును. 1960 దశకపు చివర యాంటి-డి యను సూదిమందు వాడుకలోనికి వచ్చినది. గర్భము ఏడవనెల దరిని, ప్రసవమైన 72 గంటలలోపలను దానినిచ్చినయెడల ఈ గండము చాలవఱకు తప్పును. గర్భవతియైన స్త్రీ రక్తవర్గము మొదటనే తెలిసికొనవలెననుటకు కారణ మిదియే.

6. బొంబాయి రక్తవర్గము

పట్టికలోని సూత్రమునకు అరుదైన మినహాయింపులు కలవు. వానిలో ముఖ్యమైనది మన దేశముననే బయటపడినది. 1952లో ముంబయి నగరమున డాక్టరు భేండేయు ఆయన సహచరులును కొందఱు విచిత్రమైన రక్తముగలవారిని గూర్చి లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. వారి కణములు సామాన్య పరీక్షలో ఓ వలె కనబడెను. కాని ఓ రక్తముతో కలిపినప్పుడును వారి ప్లాస్మా ముద్దకట్టించుచుండెను!

కారణ మిది. ఏ గుర్తునకును బి గుర్తునకును పునాదిగా హెచ్ అను పదార్థ మొకటి కణముమీద నుండవలెను. ఓ వర్గమువారియందు ఆ పునాది మాత్రమే యుండును. హెచ్ పదార్థమును చేయు జన్యువు 19వ క్రోమోజోము మీద వేఱుగా నున్నది. తల్లిదండ్రుల యిద్దఱి నుండియు చెడిన హెచ్ జన్యువే వచ్చినచో పునాదియే లేదు. పునాది లేని యింటికి ఏ మేడ గాని బి మేడ గాని కట్టుటెట్లు? ఆతని ఏ, బి జన్యువులు చెక్కుచెదరక యున్నను కణముమీద నేమియు కనబడదు. అతడు పరీక్షలో ఓ యనిపించుకొనును. అయినను తనలో దాగిన ఏనో బినో బిడ్డకీయగలడు. బిడ్డకు రెండవవారినుండి మంచి హెచ్ జన్యువు వచ్చినంతనే దాగినది బయటపడును. అప్పుడు “ఓ” తండ్రికి ఏబి బిడ్డ పుట్టవచ్చును!

ఈ వర్గమువారు మన దేశమున పదివేలకొకరు మాత్రమే. వారికి బొంబాయి వర్గపు రక్తమే యెక్కింపవలెను. ఓ రక్తమైనను ప్రాణాంతకమే. ఒక్క సీసాకొఱకు ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు వెదకవలసి వచ్చును. ఇదిగాక, ఏ, బి రెండును ఒకే క్రోమోజోముమీద చేరియుండుట, ఎముకమజ్జ మార్పిడివలన రక్తవర్గమే మాఱుట మొదలైన అరుదైన సందర్భములును కలవు.

7. రక్తవర్గము ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు

ఒక బిడ్డకు ఫలానివాడు తండ్రి యని రక్తవర్గ మెన్నడును రుజువు చేయజాలదు. ఒకే వర్గమువారు లక్షలమంది కలరు. కాదని చెప్పుటకు మాత్రము కొంత యుపయోగపడును. సినిమానటుడు చార్లీ చాప్లిన్ మీద అమెరికాలో అట్టి వ్యాజ్యము నడచెను. తల్లి ఏ, బిడ్డ బి, చాప్లిన్ ఓ. బిడ్డకు బి జన్యువు తండ్రినుండియే రావలెను; ఓ వర్గపు చాప్లిన్ దాని నీయలేడు. అయినను 1945లో న్యాయనిర్ణేతలు ఆయనకు వ్యతిరేకముగనే తీర్పు చెప్పిరి. శాస్త్రము తలుపు తట్టినంతనే న్యాయస్థానము తలుపు తెఱవలేదు.

నేడట్టి ప్రశ్నలకు డి.ఎన్.ఏ. పరీక్ష కలదు. మన దేశమున దానిని నెలకొల్పిన ఘనత మన హైదరాబాదుదే. ఉప్పల్ రోడ్డునందలి సి.సి.యం.బి. సంస్థలో లాల్జీ సింగు గారు 1980 దశకపు చివర డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని రూపొందించి న్యాయస్థానములకు తోడ్పడిరి. అది కాదనుటయే గాక అవుననుటయు చేయగలదు.

8. దాగిన జన్యువులు, మన మేనరికములు

అంతర్గత జన్యువుల సంగతి రక్తవర్గములతోనే ముగియదు. మన తెలుగునాట మేనమామను, మేనబావను పెండ్లాడు ఆచారము చిరకాలమునుండి కలదు. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడైన జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యులు. ఆయన మీరాఖాన్ గారితో కలిసి ఆంధ్రదేశపు మేనరికములను 1960 దశకపు ఆరంభమున పరిశోధించిరి. హాల్డేన్ మన దేశపు పౌరుడై 1964లో భువనేశ్వరమున మరణించగా, ఆయన కోరికప్రకారము శరీరమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల యభ్యాసముకొఱకు పంపిరి.

లెక్క సులభము. ఒకే పూర్వునినుండి వచ్చిన ఒకే జన్యువు రెండు పీటలమీదను కలిసికొను సంభవము మేనబావమఱదళ్ల బిడ్డలయందు 16లో ఒక వంతు, మేనమామ మేనకోడళ్ల బిడ్డలయందు 8లో ఒక వంతు. ఆ జన్యువు ఓ యైనచో నష్టము లేదు. తలసీమియా వంటి వ్యాధిదైనచో బిడ్డ జీవితాంతము కష్టపడవలెను. ఆ వ్యాధిగల పిల్లలకు రెండుమూడు వారములకొకమాఱు పరుల రక్త మెక్కింపవలెను. 1998లో మన నగరమున స్థాపింపబడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ అట్టి పిల్లలను చూచుకొనుచున్నది. హైటెక్ సిటీ కార్యాలయములలో ఉద్యోగులు చేతులు చాచి యిచ్చు రక్తము కొంత యిట్టివారికొఱకే. 18 సంవత్సరములు నిండి, 45 కిలోల బరువునకు తక్కువ గాక, ఆరోగ్యముగా నున్నవారు రక్త మీయవచ్చును. మీకింకను వయసు రాలేదు. మీ తల్లిదండ్రులకు చెప్పుడు.

9. ఆ బాలిక సంగతి

ఇక మొదటి కథకు వత్తము. సంగతి తెలిసినదినమున నేనా బాలికను పిలిచి, “అమ్మా, నీవడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పితిని గాని, నేనడుగవలసిన ప్రశ్న అడుగలేదు. మీ నాన్నగారి వర్గము ఏబి యని ఎవరు పరీక్షించి చెప్పిరి?” అంటిని. ఆమెకు తెలియదు. తండ్రిగారిని పిలిపించి నెమ్మదిగా అడుగగా, ఉద్యోగమున చేరిననాడు కాగితములు నింపుచు జ్ఞాపకమున్న మాట వ్రాసితినని ఆయన చెప్పెను. మఱునాడే తల్లి, తండ్రి, బిడ్డ మువ్వురును పరీక్ష చేయించుకొనిరి. తల్లి ఓ. బిడ్డ ఓ. తండ్రి ఏ! ఆయనలో దాగియున్న ఓ జన్యువే బిడ్డకు వచ్చినది. ఆ తండ్రి కాగితము చదివి, బిడ్డ తలమీద చేయివేసి, చాలసేపు మాటాడలేదు. తన మతిమఱుపు బిడ్డనెంత యేడిపించినదో ఆయనకప్పుడే తెలిసినది.

కాబట్టి సూత్రమునకు విరుద్ధముగా నేదైన కనబడినప్పుడు మొదట అనుమానింపవలసినది కాగితమును, మనుష్యులను కాదు. కార్డుమీది వ్రాత తప్పు కావచ్చును. జ్ఞాపకము తప్పు కావచ్చును. పరీక్షయే తప్పు కావచ్చును. ఆసుపత్రివారు సైతము కార్డును నమ్మక, రక్త మెక్కించుటకు ముందు ప్రతిసారియు రోగి రక్తమును దాత రక్తముతో కలిపి చూచెదరు. ప్రాణము నిలుపుటకు నమ్మని వ్రాతను ఒక తల్లి శీలమును శంకించుటకు నమ్మవచ్చునా? మరల పరీక్షించినను పొసగనిచో బొంబాయి వర్గము వంటి అరుదైన కారణములను వైద్యులు వెదకెదరు. ఇంటిలో గుసగుసలాడుట పరీక్ష కాదు.

ఇంకొకమాట. మన వసతిగృహమున పెరుగుచున్న కొందఱు బిడ్డలకు కన్నవారెవరో తెలియదు; పెంచినవారే తల్లిదండ్రులు. వారిని చూచి యెవరును ఈ పట్టిక విప్పరాదు. జ్వరము వచ్చిన రాత్రి తలదగ్గఱ కూర్చున్నవారు ఏ వర్గమువారైననేమి? ఒక కులమువాని రక్తము మఱియొక కులమువానికి చక్కగా సరిపోవుటయు, తోబుట్టువులిద్దఱి రక్తమే యొకరికొకరికి సరిపోకుండుటయు ప్రతిదినము ఆసుపత్రులలో జరుగుచున్నది. మనుష్యులందఱు ఒక్క కుటుంబమని మనము ఉదయప్రార్థనలో విను మాటకు ఇంతకంటె గట్టి సాక్ష్య మేమి కావలెను?

అభ్యాసము

(1) తండ్రి బి, తల్లి ఏ. బిడ్డ ఓ కావచ్చునా? (2) తల్లిదండ్రు లిద్దఱును ఏ నెగటివ్. బిడ్డ ఓ పాజిటివ్ అని కార్డుమీద నున్నది. ఇందులో సాధ్యమైన దేది, సందేహింపవలసిన దేది? (3) అక్క ఏబి, తమ్ముడు ఓ. వారి తల్లిదండ్రుల వర్గములును, దాగిన జన్యువులును చెప్పుడు.

జవాబులు: (1) కావచ్చును, ఇద్దఱిలోను ఓ దాగియున్నది. (2) ఓ యగుట సాధ్యమే. పాజిటివ్ అగుటను సందేహించి మరల పరీక్షింపవలెను. (3) ఒకరు ఏ, ఒకరు బి. ఇద్దఱిలోను ఓ దాగియున్నది. మూడవ లెక్కను నాకు తొలుత చేసి చూపినది ఆ బాలికయే.